బాతుల చెవుల మీద నా కుళ్లు

కోనసీమ వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా కొబ్బరితోటల దగ్గర మొదలుపెడతారు. నేను నా కుళ్లు దగ్గర మొదలుపెడతాను. ఐదు రోజులు అక్కడ తిరిగి, పెట్టినవన్నీ సుబ్బరంగా తిని, కనపడ్డ ప్రతి చెవినీ చూసి ఏడ్చి వచ్చాను. మనిషి చెవి, పిట్ట చెవి అనే తేడా కూడా చూపించలేదు. ఇంకా వెళ్లనివాళ్లు ఉంటే తప్పకుండా వెళ్లండి, కాని నాలా కడుపు మండించుకోకండి.

ముందు నా సంగతి చెప్పాలి. శ్రీకాకుళం వైపు ఒక పట్నంలో, ఊరికీ ఊరికీ ఫోను కలిపే ట్రంకు ఎక్స్ఛేంజిలో ఆపరేటరుని. ఇరవై ఆరేళ్లుగా హెడ్‌సెట్టు తగిలించుకుని బోర్డు ముందు కూర్చున్నాను. లైను మీద గరగర, ఆ పక్క వాన, ఈ పక్క ఇంకెవరిదో పెళ్లి మాట, వాటన్నిటి మధ్యలోంచి ఒక మనిషి చెప్పే నంబరు ఏరుకోవడం నా విద్య. మా ఆఫీసులో నన్ను పాము చెవుల మేడం అనేవారు. నేనూ కాదనలేదు.

ఆ పాము చెవులు రెండేళ్లుగా మొరాయిస్తున్నాయి. నిశ్శబ్దంగా ఉన్నచోట గడియారం టిక్కుమన్నా వినపడుతుంది. నలుగురు ఒక్కసారి మాట్లాడితే మాత్రం అంతా గంజిలా కలిసిపోతుంది. ఎవరికీ తెలియకుండా డాక్టరు దగ్గరికి వెళితే, చెవి లోపలి నరం సంగతమ్మా, మందు లేదన్నాడు. మా ఆయనతో చెప్పలేదు. నేను కావాలనే వినిపించుకోవడంలేదని ఆయన నమ్మకం, ఆ నమ్మకమే నాకు గౌరవంగా ఉంది.

ప్రయాణానికి నెలరోజుల ముందు ఒకటి జరిగింది. రైల్వేస్టేషను దగ్గర టెలిఫోను బూతులోంచి ఒకాయన అర్జెంటు కాల్ అడిగాడు. వెనకాల రైలు. నంబరు రెండుసార్లు చెప్పాడు, నాకు చిక్కలేదు. మూడోసారి అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. పాము చెవుల మేడం మూడోసారి అడగడమేమిటి? విన్నంత విని కలిపేశాను. అది వేరే ఊరు. ఆయన వాళ్ల అమ్మ ఆస్పత్రిలో ఉందట. తప్పు తెలుసుకుని మళ్లీ వరసలో నిలబడి, మళ్లీ లైను దొరికేసరికి ఇరవై నిమిషాలు. రెండోసారి కలిపింది నా పక్కసీటు అమ్మాయి. ఆయన ఏడుస్తూ మాట్లాడాడని ఆ అమ్మాయే నాకు చెప్పింది. తప్పు నాదని నేను ఎవరికీ చెప్పలేదు.

అప్పటికే ఎవరి నంబరు వాళ్లే తిప్పుకునే ఎస్టీడీలు వచ్చి బోర్డు సీట్లు తగ్గుతున్నాయి. బిల్లుల సెక్షనుకి మారదలచినవాళ్లు పేర్లివ్వండని ఒక కాగితం తిప్పారు. ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. పేరు రాస్తే సీటు పోతుంది. రాయకపోతే ఇంకో బూతు, ఇంకో రైలు, ఇంకెవరో అమ్మ. ఆ కాగితంతోనే రాజోలులో ఉన్న మా చెల్లెలు సుగుణ ఇంటికి బయలుదేరాను.

కోటిపల్లి రేవు

సామర్లకోటలో రైలు దిగి, బస్సులు మారి కోటిపల్లి చేరాను. గోదావరి దాటడానికి అక్కడ పంటు ఉంటుంది. రెండు పెద్ద పడవలు జోడించి పైన బల్లలు పరిచి, మనుషుల్నీ సైకిళ్లనీ గేదెల్నీ ఒక్కసారే అవతలికి చేరుస్తారు. టిక్కెట్టు అర్ధరూపాయి. ఇంజను మోత మాత్రం ఉచితం.

నా పక్కన తేగలు అమ్ముకునే ఆవిడ కూర్చుంది. మోతలో ఆవిడ నాతో ఏదో మాట్లాడుతోంది. చుట్టూ అందరూ ఒకళ్లకొకళ్లు "ఆయ్, ఆయ్" అంటున్నారు. మా వైపు ఔనంటాం, అలాగే అంటాం. ఇక్కడ అన్నిటికీ కలిపి ఆయ్ ఒక్కటే. అవునన్నా అదే, సరేనన్నా అదే, చిత్తమన్నా అదే. నాలాంటి చెవులకి ఇంతకంటే ఏం కావాలి? ఆవిడ ఏం చెప్పినా నవ్వుతూ ఆయ్ అన్నాను. నేను ఎంతో మర్యాదస్తురాలినని ఆవిడ అనుకున్నట్టు మొహంలో కనపడింది.

ముక్తేశ్వరం రేవులో దిగగానే ఆవిడ యాభై తేగల కట్ట నా చేతిలో పెట్టి ఐదు రూపాయలు అడిగింది. ఎందుకని అడిగాను.

"రేటు చెప్పేనండి, ఆయ్ అన్నారు. యాభై కట్టీమన్నారా అన్నాను, ఆయ్ అన్నారు."

ఇచ్చేశాను. మా ఊళ్లో అవే తేగలు రెట్టింపు రేటు, కనుక నష్టం లేదని సర్దిచెప్పుకున్నాను. అసలు మండింది డబ్బుకి కాదు. అంత మోతలో ఆవిడ, ఆవిడ అవతల ముసలాయన, ఆయన అవతల చంటిపిల్ల తల్లి హాయిగా కబుర్లాడుకుంటూ వచ్చారు. వాళ్లెవరూ చెవులకి జీతం తీసుకున్నవాళ్లు కాదు.

అమలాపురం నుంచి రాజోలు

అమలాపురం బస్టాండులో సుగుణ నన్ను చూసి పరిగెత్తుకొచ్చింది. నాకంటే ఏడేళ్లు చిన్నది. చిన్నప్పుడు నేను క్లాసు ఫస్టు, అది స్కూలు ఫైనలు రెండుసార్లు తప్పింది. నాకు ఉద్యోగం, దానికి పెళ్లి. దాన్ని చూసి నేను కుళ్లుకునే రోజొకటి వస్తుందని మా నాన్న కూడా అనుకుని ఉండడు.

బస్టాండులో రేడియో, హారన్లు, జామకాయల కేకలు. అంత గోలలో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, "రాజోలు బస్సు స్టార్టు చేసేరు, రా" అంది. బస్సు మూల మీద, ఇంకో నాలుగు బస్సుల వెనకాల ఉంది. దాని ఇంజను దీనికి విడిగా ఎలా తెలిసింది? అడిగితే, ఏముందక్కా వినపడింది అంది. కళ్లల్లో నిప్పులు పోసుకోవడమంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది.

పి.గన్నవరం దగ్గర బస్సు అక్విడక్టు మీదెక్కింది. పైన కాలవ, కింద గోదావరి పాయ. నీళ్ల మీద నీళ్లు వెళ్లడం చూడవలసిన వింతే. కిటికీలన్నీ గడగడలాడుతున్నాయి. సుగుణ నా వైపు వంగి ఏదో అడిగింది. నేను నీళ్లు చూస్తూ ఆయ్ అన్నాను. అది నా మొహంలోకి చూసి, "మా ఊరి మాట అప్పుడే పట్టేసేవే" అన్నట్టు నవ్వింది. ఆ తర్వాత రాజోలు వచ్చేదాకా నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. చాలాకాలానికి కలిశాం కదా, ప్రేమ అనుకున్నాను.

మిల్లూ గోరింకలూ

వాళ్లిల్లు కాలవ గట్టు మీద. అవతలి గట్టున బియ్యం మిల్లు. పొద్దున ఎనిమిదింటికి మొదలై మధ్యాహ్నం దాకా ధనధనమంటూనే ఉంటుంది. ఆ మిల్లు రేకుల మీద గోరింకలు చేరతాయి. ఒకటి ఈ చివర కూస్తే ఇంకోటి ఆ చివర జవాబు చెబుతుంది. నాకు రెండు ముక్కులు తెరుచుకోవడం కనపడుతుంది, కూత వినపడదు. పిడికెడంత పిట్ట, బయటికి కనపడే చెవి కూడా లేదు, ఆ మోతలో కాపురం చేసుకుంటోంది.

మా మరిదిగారు, అంటే సుగుణ భర్త, ప్రభుదాసు మాస్టారు హైస్కూల్లో సైన్సు చెబుతారు. నెమ్మదస్తులు. ముగ్గురం అరుగు మీద కూర్చుని ఉండగా, పిట్టల చెవులు మనకంటే గొప్పవి కాబోలునని నేనంటే ఆయన నవ్వారు.

"అదేనండి వదినగారూ అందరూ పొరపాటు పడేది. మోతలో వినడంలో చాలా పిట్టలు మనకంటే కొంచెం వెనకేనండి. మోత కన్నా కూత ఎంత పైకుంటే మనకి వినపడుద్దో, వాటికి అంతకంటే కాస్త ఎక్కువుండాలి."

నేను నమ్మలేదు. ఇంతలో కరెంటు పోయింది. మిల్లు ఆగింది. రేకుల మీద గోరింకల కూత ఒక్కసారిగా వినపడింది, అదీ రెండు నిమిషాలకే సగానికి తగ్గిపోయింది. మేం ముగ్గురం ఇంకా అరుచుకుంటున్నట్టు మాట్లాడుకుంటున్నామని అప్పుడే తెలిసి నవ్వుకున్నాం. మాస్టారు చూశారా అన్నారు. మోత పెరిగితే పిట్టా గొంతు పెంచుతుందట, మనిషీ పెంచుతాడట. ఆ మీదట పిట్ట అదే కూత పదిసార్లు కూస్తుంది. ఎత్తైన కొమ్మ చూసుకుంటుంది. లోకం లేవకముందే తెల్లారగట్ల పని కానిచ్చుకుంటుంది. మోత లావు గొంతుతో ఉంటే తను సన్నగా కూస్తుంది. చెవి చాలనిచోట తెలివి వాడుకుంటుందని ఆయన చెప్పారు.

ఆ మాటతో నా కుళ్లు తగ్గవలసింది. తగ్గేదే, ఆయన అక్కడితో ఆపి ఉంటే. ఆపలేదు. ఈమధ్య ఏదో సైన్సు పత్రికలో చదివారట. పెద్ద మోతకి కోడిపిల్ల చెవిలో దెబ్బతిన్న సన్నని కణాలు కొన్నాళ్లకి మళ్లీ వాటంతటవే పుట్టుకొస్తాయట. మరి మనకో, అని అడిగాను. మనుషులకీ పిల్లులకీ ఎలుకలకీ, పాలిచ్చి పెంచే జాతి దేనికీ రావండి, పోయినవి పోయినట్టే అన్నారు.

పాపం ఆయనకేం తెలుసు? నేను తలూపి లోపలికెళ్లాను. కోడిపిల్లకి మళ్లీ మొలుస్తాయా? పెంట కెలుక్కుంటూ తిరిగే కోడిపిల్లకి! ఇరవై ఆరేళ్లు ఊరందరి చావుకబుర్లూ పుట్టుకకబుర్లూ మోసిన చెవికి లేని భాగ్యం దానికా? ఆ మధ్యాహ్నం సుగుణ కొబ్బరిపాలు పోసి కోడికూర వండింది. రెండుసార్లు అడిగి వేయించుకున్నాను. రుచికి కాదు, కసికి.

ఇక్కడ వడ్డనలో ఒక పద్ధతుంది. చాలంటే సరిపోదు, విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి వేస్తారు. మా వైపు ఒకసారి చాలంటే గిన్నె వెనక్కి వెళ్లిపోతుంది. మొహమాటపడేవాళ్లకి ఇక్కడి పద్ధతే మేలు.

బాతుల మడి

మూడోరోజు కోతలైన చేలు చూపిస్తానని సుగుణ గట్టు మీద నడిపించుకు వెళ్లింది. కోత కాగానే రాలిన గింజలు తినడానికి బాతుల మందలు దిగుతాయి. ఒక్కో మందకి అయిదారు వందలు. ఊరూరూ మేపుకుంటూ తిరిగే వాళ్లకి రైతు చేనిస్తాడు, వాళ్లు రైతుకి గుడ్లిస్తారు. మా వైపు పొలంలోకి పరాయి పశువొస్తే తగువు. ఇక్కడ పిలిచి మేపమంటారు.

మేం వెళ్లేసరికి పెద్ద గందరగోళం. రెండు మందలు ఒకే బోదె కాలవ దాటుతూ కలిసిపోయాయి. వెయ్యి బాతులు ఒక్క గొంతుతో అరుస్తుంటే ఆ మోత నా చెవుల్లో గచ్చు పోసినట్టుంది. ఒక మంద యజమాని సూరయ్య అనే ముసలాయన గట్టు మీద నిలబడ్డాడు. రెండో మందవాడు కుర్రతనం మీద గొంతు చించుకుంటున్నాడు. వాడివైపు ఒక్క బాతూ తిరగలేదు. సూరయ్య చుట్ట వెలిగించుకుని ఊరికే చూస్తున్నాడు.

ఆ మోతలోనే సుగుణ నా చెవి దగ్గరకి వచ్చి మళ్లీ ఏదో అడిగింది. నా చూపు బాతుల మీద ఉంది. ఆయ్ అన్నాను. ఈసారి అది నవ్వలేదు.

ఒక క్షణం బాతుల అరుపు కాస్త సద్దుమణిగింది. సూరయ్య అప్పుడు పిలిచాడు. "బా… బా… బా" అని, అరవకుండా, ఒకే ఒరవడిలో. ఆగాడు. మళ్లీ సద్దుమణిగాక అదే పిలుపు. మూడోసారి కూడా అదే. కలగాపులగంలోంచి ఒక పాయ విడివడి ఆయనవైపు నడిచింది. వెయ్యి గొంతుల్లోంచి తనవాడి గొంతు ఏరుకుని! ఒకప్పుడు నేను చేసిన పని అదే. నిలబడ్డచోట నాకు ఏడుపొచ్చింది. అందరిముందూ బాతుల్ని చూసి ఏడిస్తే బాగుండదని ఊక కళ్లల్లో పడిందన్నాను.

సూరయ్య దగ్గరికి వెళ్లి మీ బాతుల చెవులు చాలా గొప్పవని పొగిడాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అన్నీ వినవండి. వినేవి పదో పన్నెండో. మిగతావి వాటిని చూసి నడుత్తాయండి."

మరి మూడుసార్లు ఎందుకు పిలిచారని అడిగితే, వినకపోతే మళ్లీ పిలవాలి కదండీ అన్నాడు, అదేం ప్రశ్న అన్నట్టు. సుగుణ అదే పనిగా ఆయన మాటలు వింటోంది. నాకు ఆ పదీ పన్నెండు బాతుల మీద అసూయ మిగిలిపోయింది. మా బోర్డు మీద ఆ పన్నెండింటిలో నేనొకదాన్నని ఇన్నాళ్లూ నా ధీమా.

సూరయ్య డజను గుడ్లిచ్చాడు. డబ్బు తీసుకోనన్నాడు. బలవంతం చేసి ఆరు తేగలు చేతిలో పెట్టాను.

ఓడలరేవు

సముద్రం చూడకుండా పంపనని నాలుగోరోజు మాస్టారు ఓడలరేవు తీసుకెళ్లారు. బస్సు దిగి ఇసకలో నడక. కొబ్బరిబొండం రూపాయి, కొట్టి ఇచ్చినాయన బొండం చెక్కతోనే చెంచా చేసి లోపలి లేత మీగడ కూడా ఇచ్చాడు. నాకక్కడ చూడ్డానికి ఎంతో ఉంది, వినడానికి ఒక్క సముద్రమే. జాలరులు కెరటాల అవతల ఉన్న తెప్పవాళ్లతో మాట్లాడుకుంటున్నారు. నోటితో కాదు, తలగుడ్డ ఊపి. కెరటం గొంతుకి మా గొంతు చాలదండి అన్నాడొకాయన, ఏ మాత్రం సిగ్గు లేకుండా. చాలడంలేదని అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషిని చూసి కూడా నేను ఓర్వలేకపోయాను.

ఆ రాత్రి భోజనంలో బాతుగుడ్ల పులుసు. సుగుణ నాతో ఎక్కువ మాట్లాడలేదు. నేనేం తప్పు చేశానా అని లెక్క వేసుకుంటూ పడుకున్నాను.

తిరిగి రేవులో

ఐదోరోజు సుగుణ ముక్తేశ్వరం రేవు దాకా వచ్చింది. పంటు ఇంకా కట్టే ఉంది. ఇంజనువాడు టీకి వెళ్లాడు. గోదావరి చప్పుడు లేకుండా పోతోంది. పంటు బల్ల మీద సుగుణ నా ఎడమపక్కకి, అంటే మంచి చెవి పక్కకి వచ్చి కూర్చుంది. ఏ చెవి మంచిదో నేను దానికెప్పుడూ చెప్పలేదు.

"అక్కా, నీకు చెవులు తగ్గేయి కదా?"

నేను భగ్గుమన్నాను. ఎవరు చెప్పారు, మీ ఆయనా, లేకపోతే మా ఆయన ఉత్తరం రాశాడా అని నిలదీశాను.

"నువ్వే చెప్పేవు. అక్విడక్టు మీద అడిగేను, అక్కా నీకు వినపట్టంలేదా అని. ఆయ్ అన్నావు. బాతుల మడిలో అడిగేను, ఆఫీసులో తెలుసా అని. దానికీ ఆయ్ అన్నావు. తెలీదని నీ మొహమే చెప్పింది."

 ఐదు రోజులు ఎంత తెలివిగా దాచుకున్నానని మురిసిపోయానో, మొదటిరోజే నా నోటితో నేనే ఒప్పుకుని వచ్చాను. మోతలో ఎందుకడిగావే, నెమ్మదైనచోట అడగొచ్చు కదా అన్నాను. నెమ్మదైనచోట అడిగితే అబద్ధం చెప్పేదానివి అంది. ఆ తర్వాత నీళ్లవైపు చూస్తూ మెల్లిగా చెప్పింది.

"చిన్నప్పుడు నీ చెవులూ నీ మార్కులూ చూసి ఎంత ఏడ్చేనో నీకు తెలీదు. నువ్వు ఆయ్ అన్నప్పుడు, నిజం చెప్తున్నా, ముందు కొంచెం సంతోషం వేసింది. తరవాత నీ చెయ్యి పట్టుకున్నాను."

కొట్టేద్దామనిపించింది. కొట్టలేదు. బూతులోంచి ఫోను చేసినాయన సంగతి చెప్పేశాను. వాళ్లమ్మ ఆస్పత్రి, ఇరవై నిమిషాలు, నేను అడగని ఆ మూడోసారి, అన్నీ. సంచిలోంచి కాగితం తీసి చూపించాను. అది చదివి మళ్లీ నా సంచిలోనే మడిచి పెట్టింది. ఇంతలో ఇంజనువాడు వచ్చాడు. సుగుణ దిగి గట్టెక్కింది.

పంటు కదిలింది. ఇంజను మోత మొదలైంది. గట్టు మీద నిలబడి సుగుణ ఏదో అడుగుతోంది. దాని నోరు కదలడం కనపడుతోంది. నవ్వి, చెయ్యూపి, ఆయ్ అనడానికి నా నోరు అలవాటుగా తెరుచుకుంది కూడా. మూసేశాను. లేచి నిలబడి, చెవి వెనక చెయ్యి అడ్డం పెట్టి, నలభై మంది వింటుండగా అరిచాను.

"వినపట్టంలేదే! మళ్లీ చెప్పు!"

అది మళ్లీ చెప్పింది. అందలేదు. మూడోసారి అడిగాను. ఇరవై ఆరేళ్లలో మూడోసారి అడగడం అదే మొదలు. అది మూడోసారీ అదే మాట, అదే ఒరవడిలో చెప్పింది. అంచున నిలబడ్డ సైకిలాయన విని వెనకాయనకి చెప్పాడు. ఆయన నా పక్కావిడకి చెప్పాడు. పక్కావిడ ఎవరనుకున్నారు, ఆ తేగలావిడే. నా ఎడమ చెవి దగ్గరకి వంగి అందించింది.

"ఆపీసులో మీరే చెప్పేత్తారా అని అడుగుతున్నారండి, మీ చెల్లెలుగారు."

గట్టు అప్పటికే దూరమైంది. సుగుణకి వినపడాలని ఈసారి అరవలేదు, అరవకపోయినా వినపడుతుందని తెలుసు, దాని చెవులు అలాంటివి. ఆ కుళ్లు నాకు ఇప్పటికీ ఉంది.

"ఆయ్" అన్నాను. ఈసారి ప్రశ్న తెలిసే అన్నాను.